తిమ్మమ్మ బావిలో నీళ్ళు ఎవరివి?

హైదరాబాదు,
జూన్ 22.

అనుపమా,

అట్టపెట్టె నిండా ఖాళీ సీసాలు చూసి నీకు ఒళ్ళు మండుతుందని తెలుసు. ముందు ఉత్తరం చదువు, తర్వాత కోప్పడు. ఫోను ఎందుకు చెయ్యలేదో నీకూ తెలుసు. మనిద్దరం ఫోనెత్తితే నాలుగో మాటకే తగవు. పోయినసారి నువ్వు టక్కున పెట్టేశాక మళ్ళీ పలకరించడానికి నాకు ఏడాది పట్టింది. కాగితం మీదైతే నువ్వు నా మాటకు అడ్డురాలేవు.

సంగతేమిటంటే, మా ల్యాబులో మన బళ్ళారి జిల్లా నీళ్ళ మీద పని మొదలైంది. కాలవ నీళ్ళు నేలలోకి ఇంకి ఎంతదూరం పోయాయో, ఏ బావిలో ఏ నీళ్ళున్నాయో తేల్చాలి. డిగ్రీలో మాణిక్యం సారు చెప్పిన డ్యుటీరియం పాఠం గుర్తుందా? హైడ్రోజన్‌కు అన్న, రెండింతల బరువు. ఏ నీళ్ళలోనైనా వేలల్లో ఒకటి ఉంటుంది. ఎండకు తేలిక నీళ్ళు ముందు ఆవిరైపోతాయి, బరువువి వెనకబడతాయి. డ్యాములో నెలల తరబడి ఎండకు పడి ఉంటాయి కాబట్టి కాలవ నీళ్ళలో డ్యుటీరియం కొంచెం ఎక్కువ. వాన కురిసి నేరుగా నేలలోకి ఇంకిన నీళ్ళలో అంత ఉండదు. ఆ తేడాను పట్టే మిషను నా బల్ల మీద ఉంది. నీళ్ళు మాత్రం నీ చుట్టూ ఉన్నాయి.

సిరుగుప్ప నుంచి తెక్కలకోట దాకా, ఇటు రూపనగుడి దాకా బావుల నీళ్ళు పట్టి పంపాలి. సీసాను నీళ్ళలో ముంచి, లోపలే మూత బిగించాలి. గాలిబుడగ ఉండకూడదు. నిలవ నీళ్ళు అసలే పట్టొద్దు. మీ తిమ్మమ్మ బావి నీళ్ళు తప్పకుండా కావాలి. హాస్టల్లో మూడేళ్ళు దాని గొప్పలు విని నా చెవులు తూట్లు పడ్డాయి. ఇప్పుడు తేల్చుకుందాం.

బిందుశ్రీ


సిరుగుప్ప,
జూలై 9.

బిందూ,

నీ అక్షరాలు ఇంకా అంత గుండ్రంగానే ఉన్నాయి. మొట్టమొదట నాకు నచ్చనిది అదే.

నేను పాఠం మర్చిపోయానేమోనని విడమరిచి చెప్పావు, సంతోషం. ఆ పాఠాన్ని ఇక్కడి కాలేజీలో పదిహేనేళ్ళుగా నేనే చెబుతున్నాను. నీకు సీటొచ్చి హైదరాబాదు వెళ్ళావు, నాకు రాక పెళ్ళి చేసుకున్నాను. అంతమాత్రాన భారజలం నీ సొత్తు కాదు.

పిల్లలకు నేను ఆ కథ ఎలా చెబుతానో విను. హెరాల్డ్ యూరీ డ్యుటీరియాన్ని పట్టుకున్నాడు, నోబెల్ కొట్టాడు. అతనికి పాఠం చెప్పిన లూయిస్ అని ఒకాయన ఉన్నాడు. అచ్చంగా డ్యుటీరియం నీళ్ళే అయిన భారజలాన్ని మొదటిసారి శుద్ధంగా చేసి చూపింది ఆయన. నోబెల్ మాత్రం ఆయన గడప తొక్కనే లేదు. చేసిన నీళ్ళలో కొంచెం ఒక ఎలుకపిల్లకు తాగించి చూశాడట. అది తాగినకొద్దీ ఇంకా దాహంతో అల్లాడిందట. ఆ ఎలుక సంగతి చెప్పేటప్పుడు పిల్లలు నవ్వుతారు. నాకు నవ్వు రాదు. నీ పేరు పేపర్లో చూసిన ప్రతిసారీ నా గొంతు అలాగే ఎండుతుంది. దాచడమెందుకు, అది కడుపుమంటే.

సీసాలు నింపి పంపుతాను. నీ కోసం కాదు. ఈ ఏడు డ్యాము గేట్లు మారుస్తారని, ఎండాకాలం కాలవ మూసేస్తారని చెబుతున్నారు. మా పుట్టినూరు రూపనగుడిలో చెరువు నిండేది కాలవతోనే. అది ఎండితే ఊరికి తాగే నీళ్ళు మా బావే. పంచాయతీకి ఒక్క పనికే గతి ఉంది, బావి పూడిక తియ్యడమో, ఎక్కడో బోరు వెయ్యడమో. "బావిలో ఊట సొంతమైతే పూడిక తీద్దాము, కాలవదైతే దండగ కదప్పా" అని అధ్యక్షుడు తాయప్ప మా నాన్నతో అన్నాడు. మా నాన్న కోదండరామి ఊరందరి ముందు మీసం దువ్వాడు. "డ్యాము యాడిది, కాలవ యాడిది! అవి రాకముందు మా అవ్వ తిమ్మమ్మ తవ్విచ్చిన బావి ఇది. రిపోర్టు రానీ, చూద్దురు" అన్నాడు.

మీ క్యాంపువాళ్ళు సేద్యం కోసం కాలవతో పాటు వలస వచ్చారు. మేం బావితో పాటు ఉన్నాం. నీ మిషను చేతే ఆ మాట చెప్పిస్తాను.

అనుపమ


సిరుగుప్ప,
అక్టోబరు 6.

బిందూ,

పెట్టె పంపుతున్నాను. సీసాలు లెక్క చూసుకో, మూతల మీద ఊరి పేర్లు రాశాను. వరి మళ్ళ గట్ల మీద చెప్పులు చేతిలో పట్టుకుని తిరిగాను. ఒక బావిలో సీసా ముంచబోయి నేనే మునిగేదాన్ని. నీ పరిశోధన పేపర్లో చివర థాంక్స్ అని చీమతలకాయంత అక్షరాల్లో వేస్తావు కదా, అప్పుడు ఇది గుర్తు తెచ్చుకో.

తెక్కలకోట దగ్గర మీ క్యాంపుకు కూడా వెళ్ళాను. మీ నాన్న కోటిలింగంగారు బోరు స్విచ్ వేసి నా చీర తడిపారు. "ఇదంతా కాలవ చలవేనమ్మాయ్, మా నాన్న వచ్చేటప్పటికి ఇక్కడ ముళ్ళకంపలే" అన్నారు. ముళ్ళకంపల్లో మేం ఉండేవాళ్ళమండీ అనబోయి ఊరుకున్నాను. మీ అమ్మ పుష్పావతిగారు గోంగూర, పెరుగు వేసి అన్నం తినిపించారు. "మా బిందు ఎప్పుడొస్తదో దానికే తెలీదు. నువ్వన్నా వస్తా ఉండమ్మా, నిన్ను చూస్తే కూతురొచ్చినట్టుంటది" అన్నారు. నీకు కుళ్ళు పుట్టాలనే ఈ మాట రాస్తున్నాను.

దసరాకు రూపనగుడి వెళ్ళాను. మిగతా అన్ని చోట్లా నా చేత్తోనే ముంచాను కానీ, తిమ్మమ్మ బావి నీళ్ళు మాత్రం నాన్నే పోసి ఇచ్చాడు. పెళ్ళయిన ఆడబిడ్డ పుట్టింటి బావిలో చేద వెయ్యకూడదని మా ఇంట్లో కట్టడి. ఇంటికొచ్చిన ఆడబిడ్డ చుట్టంతో సమానం, చుట్టం చేత నీళ్ళు తోడిస్తే ఇంటికి మర్యాద కాదంటారు. నాన్న దశమి పొద్దున బొట్టుపెట్టి మరీ సీసా చేతికిచ్చాడు. గాలిబుడగ లేదు, చూసే మూత బిగించాను.

తొందరగా చూసి రాయి. నాన్న రోజూ అడుగుతున్నాడు.

అనుపమ


హైదరాబాదు,
డిసెంబరు 12.

అనుపమా,

అన్నీ చూశాం. నువ్వు పట్టిన నీళ్ళకు వంక పెట్టడానికి లేదు. మెచ్చుకోవాలనిపించలేదు కానీ మెచ్చుకోక తప్పదు.

మా క్యాంపు బోరులో కాలవ నీళ్ళే. అది అందరికీ తెలిసిందే. సిరుగుప్ప చుట్టుపక్కల కూడా అంతే. రూపనగుడి వైపు మిగిలిన బావుల్లో వాన నీళ్ళు. తిమ్మమ్మ బావి ఒక్కటే విడ్డూరం. దాంట్లో డ్యుటీరియం కాలవ నీళ్ళంత ఉంది. కాదు, ఇంకాస్త ఎక్కువే ఉంది.

అంటే మీ బావిలో ఊరేది మా కాలవే. రెండుసార్లు మిషన్లో పెట్టి చూశాను. కాలవ మూస్తే ఎండాకాలానికి మీ బావి ఎండుతుంది. పంచాయతీని పూడిక మీద కాకుండా బోరు మీద ఖర్చుపెట్టమను. ఊరి మంచికే చెబుతున్నాను.

మీ నాన్నగారికి నా నమస్కారాలు.

బిందుశ్రీ


సిరుగుప్ప,
డిసెంబరు 20.

బిందుశ్రీకి,

"మా కాలవ" అన్నావు చూడు, ఆ రెండు మాటలు రాయడానికే ఈ పనంతా చేశావు. డ్యాము మీ తాత కట్టించాడా?

మా చుట్టూ ఉన్న బావులన్నిట్లో వాన నీళ్ళట, మా ఒక్క బావిలోకే కాలవ దారి వెతుక్కుంటూ వచ్చిందట. సైన్సు చదివినదానివి, నీకు నవ్వు రాలేదా? మూడేళ్ళు నా పక్క మంచం మీద పడుకుని నా బావి మీద కళ్ళలో నిప్పులు పోసుకున్నావు. ఇప్పుడు చేతికి మిషను దొరికింది, కసి తీర్చుకున్నావు.

నాన్నకు చెప్పలేదు. రిపోర్టు ఇంకా రాలేదని అబద్ధమాడాను. నా నోటితో ఆ మాట చెప్పలేను. నీ నమస్కారాలు నీ దగ్గరే ఉంచుకో.

అనుపమ


హైదరాబాదు,
డిసెంబరు 29.

అనుపమా,

అవును, సంతోషమేసింది. నీకు కావలసిన మాట ఇదేగా, తీసుకో.

మా తాత వచ్చి అరవై ఏళ్ళు దాటింది. నేను తెక్కలకోట బడిలో కన్నడలో పద్యాలు అప్పజెప్పాను, మా అమ్మ సిరుగుప్ప ఆస్పత్రిలో నన్ను కన్నది. అయినా బస్సెక్కితే ఇప్పటికీ "క్యాంపోళ్ళు వచ్చిరి, జరగప్పా" అంటారు. మీకు బావికి కూడా పేరుంది. మాకు ఊరికే పేరు లేదు, క్యాంపు అంటే క్యాంపే. హాస్టల్లో నువ్వు "మా తిమ్మమ్మ బావి" అన్నప్పుడల్లా నేను గోడవైపు తిరిగి పడుకునేదాన్ని. చదువులో నిన్ను దాటగలిగాను. ఆ బావిని ఎలా దాటను? అందుకే అంకె రాగానే సంతోషమేసింది. రెండోసారి మిషన్లో పెట్టింది తప్పు దొరుకుతుందని కాదు, ఆ అంకెను మళ్ళీ చూసుకోవాలని.

కానీ అంకె నేను పుట్టించింది కాదు. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు మిషను మీద పడకు. ఒక్క బావిలోనే కాలవ నీళ్ళెలా వచ్చాయన్న నీ ప్రశ్న మాత్రం నిజంగా ప్రశ్నే. ఆ సంతోషంలో నేను దాన్ని అడగలేదు. వారం నుంచి అది నన్ను తింటోంది. నీళ్ళు ఎలా పట్టారో నీ ఇంట్లో అడిగి చూడు.

ఇంకొకటి. మా అమ్మ ఫోనులో నా క్షేమం అడగదు, "అనుపమ మళ్ళీ రాలేదేమే" అంటుంది. నీకు బావి చాలదా, మా అమ్మ కూడా కావాలా?

బిందు


రూపనగుడి,
జనవరి 11.

బిందూ,

దొరికింది. నవ్వాలో ఏడవాలో తెలియక, ఇంటికి వెళ్ళేదాకా ఆగలేక ఇక్కడినుంచే రాస్తున్నాను.

పొద్దున దేవుడి గదిలో దీపం పెట్టబోతే మూలన మట్టి కడవ కనిపించింది. కింద ఇసుక తడిసి ఉంది, కడవలో నీళ్ళు జానెడు తగ్గి ఉన్నాయి.

"ఇవి ఏం నీళ్ళు నాన్నా?" అన్నాను.

"మన బావివేనమ్మా. నీకు దసరాకు పోసిచ్చింది కూడా దీంట్లోవే కదా."

"అప్పుడే తోడినవి కాదా?"

"పాడ్యమి నాడు తోడి పెట్టినా. గంగమ్మను తోడింది తోడినట్టు సీసాలో పోసి బస్సుకేస్తారా ఎవరన్నా? నవరాత్రులు పూజ చేసి, దశమికి నీ చేతికిచ్చినా. తప్పేముండాది?"

"కడవ ఇంత తగ్గిందేం నాన్నా?"

"సామి తాగుతాడమ్మా. దినామూ కొంచెం తగ్గుతానే ఉంటాది" అన్నాడు నిష్ఠగా.

బిందూ, పదిహేనేళ్ళు పాఠం చెప్పినదాన్ని, కడవ ముందు అలాగే కూలబడ్డాను. మట్టి కడవ చెమర్చి నీళ్ళు చల్లబడతాయని పిల్లలకు చెప్పేది నేనే. సామి తేలిక నీళ్ళు తాగి, బరువువి మనకు వదిలిపెట్టాడు. డ్యాము నెలల తరబడి చేసిన పని మా దేవుడి గది నవరాత్రుల్లో చేసేసింది. పరాయివాళ్ళ బావుల్లో నేనే సీసా ముంచాను. సొంత ఇంట్లో మర్యాదకు పోయి నిలవ నీళ్ళు పట్టుకొచ్చాను.

ఇప్పుడు నాన్నకు అంతా చెప్పాను. మళ్ళీ నీళ్ళు పట్టి పంపమంటావా? ఈసారి నాన్న చేత నేరుగా తోడిస్తాను. తాయప్ప ఉగాదికి ముందే తేల్చమంటున్నాడు.

నువ్వన్న ఆ "క్యాంపోళ్ళు" మాట మా ఇంట్లో నేనూ అన్నాను. మీ అమ్మ సంగతికి మాత్రం నేనేం చెయ్యను? ఆమె గోంగూర అంత బాగుంటుంది.

అనుపమ


హైదరాబాదు,
జనవరి 19.

అనూ,

పంపొద్దు. మీ ఇంటి చేతుల్ని ఇక నేను నమ్మను. ఈసారి మీ నాన్న సాంబ్రాణి వేస్తారేమో. నేనే వచ్చి తోడుకుంటాను. ట్రిటియం పరీక్షకు పెద్ద క్యాను కూడా తెస్తాను.

తెక్కలకోటలో దిగి, మా అమ్మను చూసి వస్తాను. నువ్వు ముందుగా వెళ్ళి నా వాటా గోంగూర తినెయ్యకు.

బిందు


సిరుగుప్ప,
ఫిబ్రవరి 8.

బిందూ,

నువ్వు వెళ్ళి నాలుగు రోజులైంది. రాయకూడదనే అనుకున్నాను. రాయకపోతే ఇది లోపల పుండవుతుంది.

నువ్వు బావి దగ్గర చెప్పులు విప్పగానే నాన్న చేంతాడు తెచ్చి నీ చేతికిచ్చాడు. "రా పాపా, తోడుకో. నీ కండ్లతోనే చూసుకో" అన్నాడు. గిలక మీద తాడెలా పట్టాలో చూపించాడు. "భేష్, చెయ్యి తిరిగినదే" అన్నాడు. నువ్వు మొదటి రెండు చేదలూ పారబోసి మూడోది క్యానులో పోసుకున్నావు. ఊరంతా చూసింది. నేను కూడా గట్టు మీద నిలబడి, చుట్టంలాగా చూశాను.

నేను పుట్టిన ఇల్లు, బిందూ. పెళ్ళయిన నాటినుంచి ఆ తాడు ముట్టుకోలేదు. కట్టడి మంచిదేనని ఇన్నాళ్ళూ గొప్పగా చెప్పుకున్నాను. నీ చేతిలో ఆ తాడు చూశాక అది మర్యాద కాదు, వెలి అనిపించింది. డిగ్రీలో నీకొచ్చిన మెడల్ చూసినప్పుడు కూడా నాకింత కుళ్ళు పుట్టలేదు.

రిపోర్టు ఏదైనా సరే, తొందరగా రాయి.

అనుపమ


హైదరాబాదు,
మార్చి 9.

అనూ,

గెలిచావు. మీ బావిలో కాలవ చుక్క లేదు.

డ్యుటీరియం ఆ మాట చెప్పింది, ట్రిటియం దాన్ని మించి చెప్పింది. అది హైడ్రోజన్ అన్నదమ్ముల్లో మూడోవాడు, కాలం గడిచేకొద్దీ కరిగిపోతాడు. డెబ్బై ఏళ్ళ కిందట దేశదేశాలు ఆటంబాంబులు పేల్చి చూసుకున్నప్పుడు వానల్లో కలిసి లోకమంతా పడ్డాడు. ఆ తర్వాత కురిసిన నీళ్ళలో వాడి జాడ ఉంటుంది. మీ బావిలో దాదాపు లేదు. అంటే అది డ్యాముకు ముందు కురిసిన వాన. తిమ్మమ్మగారి కాలం నీళ్ళు. యూరీ డ్యుటీరియాన్ని పట్టుకునే నాటికే ఆ చినుకులు మీ నేలలోకి దిగి ఉండవచ్చు.

ఇప్పుడు రెండో మాట. ఇది సంతోషంతో రాయడం లేదు. నువ్వు నమ్మవని తెలిసే రాస్తున్నాను. పాత నీళ్ళు అంటే కొత్త నీళ్ళు చేరడం లేదని అర్థం. కాలవ రావడం లేదు, ఈమధ్య వానలు కూడా దిగడం లేదు. మీరు తోడుతున్నది దాచిన నీళ్ళు. పూడిక తీస్తే ఈ ఎండాకాలం ఊరు గట్టెక్కుతుంది. మోటరు పెట్టి తోడితే మాత్రం ఒకనాటికి ఖాళీ అవుతుంది. మళ్ళీ నింపేవాళ్ళు లేరు. మీ నాన్నకు ఈ సగం దాచకు.

పేపర్లో నీ పేరు నా పక్కనే వేశాను. అక్షరక్రమంలో నీదే ముందు. యూరీ నోబెల్ ఒక్కడే తీసుకున్నా, వచ్చినదాంట్లో తనతో పనిచేసిన ఇద్దరికీ పంచాడు. నువ్వు పిల్లలకు ఆ ముక్క ఎగ్గొట్టి చెబుతున్నావు.

నిన్ను చూస్తే ఇప్పటికీ కుళ్ళే. నా చేతిలో తాడు పెట్టింది మీ నాన్న. మా నాన్న నాకు బోరు స్విచ్ తప్ప ఏమీ ఇవ్వలేదు.

బిందు


రూపనగుడి,
మార్చి 17.

బిందూ,

నిన్న బావి దగ్గర పంచాయతీ కూర్చుంది. రెండు సగాలూ నేనే చదివి వినిపించాను. మొదటి సగానికి నాన్న లేచి నిలబడి తాయప్పను చూసి మీసం మీద చెయ్యి వేశాడు. రెండో సగానికి ఆ చెయ్యి కిందికి దిగింది.

పూడిక తియ్యాలని తేలింది. మోటరు వద్దని నాన్నే అన్నాడు. "చేదతోనే తోడుకుందాము. ఇంటికి ఇన్ని బిందెలని పెట్టుకుందాము" అన్నాడు. తర్వాత ఆయన నోట నేను జన్మలో వింటాననుకోని మాట అన్నాడు. "మళ్ళా కాలవ వదిలినప్పుడు ఈడ పక్కనే గుంత తీసి కాలవ నీళ్ళు ఇంకిద్దాము. ఎవురివైతే ఏంది, బావి బతకల్ల."

అందరూ లేచాక నాతో విడిగా అన్నాడు. "ఆ పాప మొదట పంపిన లెక్క తప్పంటివి కదమ్మా. పారెయ్యద్దని రాయి. మనమే దాన్ని నిజం చేస్తాండాము."

గెలిచానని నాకు అనిపించడం లేదు. ఆ ఎలుకకు తాగినకొద్దీ దాహం ఎందుకయిందో ఇప్పుడు తెలిసింది. నీ ఉత్తరం మొదటి సగం మూడుసార్లు చదువుకున్నాను, చదివినప్పుడల్లా ఇంకొకటి కావాలనిపించింది. ఏం కావాలో తెలిసేటప్పటికి లేచి నాన్న దగ్గరికి వెళ్ళాను.

"తాడు నాకియ్యి నాన్నా" అన్నాను.

"ఆడబిడ్డవు, నువ్వు తోడకూడదమ్మా."

"క్యాంపు పాప తోడింది."

"ఆయమ్మ చుట్టం కదా."

"ఆయమ్మ చుట్టమై తోడొచ్చు, నేను చుట్టమై తోడకూడదు. అయితే నేను చుట్టాన్ని కాదు నాన్నా. ఈ ఇంటిదాన్ని."

ఆయన నన్ను చూశాడు, బావిని చూశాడు. తాడు చుట్ట విప్పి నా చేతిలో పెట్టి, పక్కకు జరిగాడు.

నువ్వు పారబోసినట్టు పారబోయలేదు. చుక్క పోకుండా బిందెలో పోశాను. అరచేతులు బొబ్బలెక్కాయి, అక్షరాలు వంకర పోతున్నది అందుకే. వచ్చే వానాకాలం గుంత తవ్వేనాటికి రా. మీ అమ్మను కూడా తీసుకురా.

నువ్వు మూడు చేదలు తోడావు. నేను నాలుగు తోడాను. ఇది మాత్రం రాసి పెట్టుకో.

అనుపమ